నూకాలమ్మ అడిగిన లెక్క

2023 ఆగస్టు 23 సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఏకాదశీ కాదు, గ్రహణమూ కాదు. చంద్రయాన్-3 చందమామ మీద దిగే వేళకి వంటింట్లో ఉన్నానంటే నన్ను దేశద్రోహుల జాబితాలో రాసేసేలా ఉన్నారు మావాళ్ళు. మావారూ, మరిదీ, తోడికోడలూ, పిల్లలూ, ఎదురింటి లెక్చరరుగారూ, వారి శ్రీమతీ అంతా టీవీ ముందు చేరారు. మా అత్తగారు "చంద్రుడి మీద కాళ్ళు పెట్టడమేవిట్రా, అప్రాచ్యపు పనులు!" అని ఒకసారి గొణిగి, అందరికంటే ముందుకి కుర్చీ లాక్కుని కూచున్నారు.

ఆరు గంటల నాలుగు నిమిషాలకి విక్రమ్ నేల తాకింది. చప్పట్లు, కేకలు. మావారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకూ గొంతులో ఏదో అడ్డం పడింది. దాచుకోవడం ఎందుకు? 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండరు దిగబోయి కూలిపోయిన అర్ధరాత్రి కూడా మేమంతా ఇలాగే కూచున్నాం. ఆనాటి దిగులు ఈనాటికి తీరింది.

ఆ హడావిడిలో గుమ్మం దగ్గర్నించి ఒక గొంతు వినిపించింది. అంట్లు తోమడం అయిపోయి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ మా నూకాలమ్మ నిలబడి చూస్తోంది.

"దీనికెంతయ్యిందంట అమ్మా?"

"615 కోట్లు" అన్నాడు మా మరిది, తన జేబులోంచి తీసి ఇచ్చినంత ఠీవిగా.

నూకాలమ్మ వేళ్ళు ముడిచి లెక్కపెట్టబోయి మానేసింది. "మరి మా ఈదికి కుళాయి ఎయ్యడానికి డబ్బులు నేవంతన్నారు గదమ్మా?"

గదంతా గొల్లుమంది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే నూకాలమ్మ నవ్వడం లేదు.

"చూశావా వదినా, మనవాళ్ళ బుద్ధి! ప్రపంచమంతా మనల్ని చూసి ముక్కున వేలేసుకుంటూంటే కుళాయి గొడవా? హాలీవుడ్‌లో ఒక సినిమా తీసే ఖర్చు కూడా కాదిది" అన్నాడు మరిది.

"కాదండీ, ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. తిండికి గతిలేని దేశానికి చంద్రుడెందుకండీ? ఈ డబ్బంతా పేదలకి పంచిపెట్టాలి" అన్నారు లెక్చరరుగారు. అంటూనే కాఫీలో పంచదార తక్కువైందని చెప్పారు.

రెండు గంటలు వాదించుకున్నారు. ఆ రెండు గంటల్లో నూకాలమ్మవైపు తిరిగి జవాబు చెప్పినవారు ఒక్కరూ లేరు. ఆవిడ ఎప్పుడు వెళ్ళిపోయిందో కూడా ఎవరూ గమనించలేదు. మర్నాడు ఆ కాఫీ కప్పులన్నీ ఆవిడే తోమింది.

అదీ నా బాధ. అంతరిక్షానికి డబ్బెందుకు అనే వాదన మన దేశంలో అరవై ఏళ్ళుగా నడుస్తోంది. ఒక జట్టు పేదవాళ్ళ పేరు చెబుతుంది. రెండో జట్టు దేశం పేరు చెబుతుంది. పేదవాళ్ళు అడిగితే మాత్రం రెండు జట్లూ నవ్వుతాయి. ఈ రెండు జట్లతోనూ నాకు పేచీ ఉంది. ముందు లెక్చరరుగారి జట్టుతో తేల్చుకుని, తర్వాత మరిది సంగతి చూస్తాను.

పెళ్ళయిననాటినుంచీ ఇంటి పద్దు రాస్తున్న చెయ్యి నాది. కాబట్టి పద్దు పుస్తకమే తెరుద్దాం. చంద్రయాన్-3 దిగిన ఆ సంవత్సరం, అంటే 2023-24లో, కేంద్ర ప్రభుత్వం మొత్తం ఖర్చు అంచనా సుమారు 45 లక్షల కోట్లు. అందులో అంతరిక్ష శాఖకి ఇచ్చింది సుమారు 12,544 కోట్లు. మన ఇంటి భాషలో చెప్పుకోవాలంటే వంద రూపాయల ఖర్చులో 28 పైసలు. అదే ఏడు ఆహార సబ్సిడీకి కేటాయించినది 1,97,350 కోట్లు. అంటే బియ్యానికీ గోధుమలకీ ఇచ్చినది రాకెట్లకి ఇచ్చినదానికి పదిహేను రెట్ల పైమాటే. చంద్రయాన్-3 ఖర్చు 140 కోట్లమంది జనానికీ పంచితే తలకి నాలుగు రూపాయల నలభై పైసలు వస్తుంది. లెక్చరరుగారు చెప్పినట్టు పంచేస్తే నూకాలమ్మకి కుళాయి రాదు సరికదా, కుళాయి బిరడా కూడా రాదు.

అయితే, "పోనిద్దురూ, 28 పైసలే కదా" అని చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. చిల్లరే కదా అని వదిలేస్తూ పోతే నెలాఖరుకి చేబదులు ఎలా వస్తుందో ఇల్లు నడిపే ప్రతి ఆడదానికీ తెలుసు. దుబారా అయితే పైసా కూడా దుబారాయే. కనక అసలు ప్రశ్న ఎంతయ్యిందన్నది కాదు. అయినదానికి ఇంటికేం వచ్చిందన్నది.

దానికి జవాబు చెప్పాలంటే నేను కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటికి నాకు పదేళ్ళు. మా ఊరు సముద్రానికి దూరం. మా చిన్నమేనత్త అత్తవారి ఊరు సముద్రానికి దగ్గర. మా ఊళ్ళో రేడియో ఉన్న ఇళ్ళు మూడు. తుఫాను వస్తుందని రేడియోలో చెప్పారట. ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్నది మాకెవరికీ తెలియలేదు. తుఫాను అంటే గాలీ వానా అనుకున్నారు అందరూ. తలుపులు బిగించుకుని కూచున్నారు. ఉప్పెన అన్నది గోడలా లేచి వస్తుందని ఎవరు ఊహిస్తారు? మూడోరోజుకి మా నాన్న నడిచి వెళ్ళి, నడిచి వచ్చారు. మా అత్త గురించి అమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఉప్పెనలో పోయినవారు అధికార లెక్కల్లోనే పదివేలమంది. అప్పటికి తుఫానుని పైనుంచి కనిపెట్టి చూడ్డానికి మన దేశానికి సొంత కన్ను ఒక్కటీ లేదు.

ఆ కన్ను 1983లో వచ్చింది. ఇన్‌శాట్-1బి. దానికి ముందు 1982లో పంపిన 1ఎ ఆరు నెలలైనా నిలవకుండా పాడైపోయింది. డబ్బంతా బూడిదపాలయిందన్నారు జనం. మర్నాడే మానేసి ఉంటే ఆ మాట నిజమయ్యేది. మానలేదు కాబట్టి 1బి వచ్చింది. అమెరికాలో కట్టించి, అమెరికావారి షటిల్‌లో ఎక్కించి పంపినదే అనుకోండి. కానీ అది ఇరవై నాలుగు గంటలూ మన ఆకాశంలో నిలబడి మన సముద్రాన్నే చూసేది. తీరం వెంట కొన్ని ఊళ్ళలో ఆ ఉపగ్రహం ద్వారా హెచ్చరిక వినిపించే పెట్టెలు కూడా పెట్టారు. 1990 మే నెలలో మళ్ళీ అదే కృష్ణా తీరానికి అంతటి తుఫానూ వచ్చింది. ఈసారి లక్షలమందిని ముందే ఖాళీ చేయించారు. పోయినవారు వెయ్యికి లోపు. వెయ్యి తక్కువని కాదు నా ఉద్దేశం. ఒక్కరు పోయినా ఆ ఇంటికి అదే ప్రళయం. కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య ఉన్న ఆ తొమ్మిదివేల చిల్లర మందిలో ఎందరి చిన్నమేనత్తలున్నారో ఆలోచించండి.

ఎదురింటి లెక్చరరుగారూ, పేద దేశానికి ఉపగ్రహం ఎందుకని కదూ అడిగారు? డబ్బున్నవాడికి మేడ ఉంది, కారుంది, ఊళ్ళో చుట్టాలున్నారు. తుఫాను సంగతి ఆరు గంటలు ముందు తెలిసినా బతికి బయటపడతాడు. మూడు రోజులు ముందు తెలియాల్సింది గుడిసెలో ఉన్నవాడికి. ఆ కన్ను పేద దేశానికి సోకు కాదు, పేదవాడికే ముందు కావలసిన వస్తువు.

ఈ ముక్క నేను కొత్తగా కనిపెట్టినది కాదు. మన అంతరిక్ష కార్యక్రమం పుట్టినప్పుడే విక్రం సారాభాయిగారు దీన్ని మాట ఇచ్చినట్టుగా చెప్పారు. గొప్ప దేశాలతో పోటీపడి చంద్రుడి మీదికి పోవాలన్న భ్రమ మనకి లేదు, ఉన్న కష్టాలు తీర్చుకోవడానికి ఈ విద్య వాడుకోవడంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదు అన్నది ఆయన చెప్పినదాని సారాంశం. 1963 నవంబరు 21న కేరళలో తుంబా అనే జాలరి పల్లెలో తొలి రాకెట్టు ఎగిరినప్పుడు, అక్కడి చర్చీయే వాళ్ళ ఆఫీసు. రాకెట్టు ముక్కు సైకిలు వెనక సీటు మీద కట్టి తోసుకెళ్ళిన ఫోటో మీరంతా చూసే ఉంటారు. 1975లో, మనకింకా సొంత టీవీ ఉపగ్రహం లేని రోజుల్లో, అమెరికావారి దగ్గర ఏడాదిపాటు ఉపగ్రహం ఎరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. అందులో మన ఆంధ్ర పల్లెలూ ఉన్నాయి. చూపించింది వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు. పట్నంలోనే టీవీ లేని ఇళ్ళు కోకొల్లలుగా ఉన్న కాలంలో ముందు పల్లెకి ఇచ్చారంటే ఆ బుద్ధి ఎటువంటిదో చూడండి.

ఇవాళ్టికీ ఆ మాట పూర్తిగా తప్పలేదు. నూకాలమ్మ కొడుకు విశాఖ రేవులో బోటు మీద వేటకి వెళతాడు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని ఒక సంస్థ ఉంది. సముద్రం నీళ్ళు ఎక్కడ చల్లగా ఉన్నాయో, ఎక్కడ పచ్చదనం తేలుతోందో ఉపగ్రహాలు చూసి చెబితే, చేపలు ఎటువైపు ఉండవచ్చో లెక్కగట్టి జాలర్లకి కబురు పెడుతుంది. అలల ఉధృతి ఎక్కువైతే వెళ్ళవద్దని చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖ నెత్తిన పడ్డప్పుడు నూకాలమ్మ కుటుంబాన్ని రెండు రోజుల ముందే బడిలోకి తరలించారు. "ఇల్లు పోనాది గానీ పేనాలు మిగిలినాయమ్మా" అంది, పనిలోకి తిరిగొచ్చిన రోజున.

అందుచేత లెక్చరరుగారి జట్టుకి నా మనవి ఒక్కటే. పేదవాళ్ళ తరఫున మాట్లాడేముందు పేదవాళ్ళకి ఏం ఒరిగిందో కనుక్కోండి.

ఇక మా మరిది జట్టు. వీళ్ళతో పేచీ ఇంకొంచెం పెద్దది. ఎందుకంటే వీళ్ళ చేతిలో జెండా ఉంటుంది. జెండా ఉన్నవాణ్ణి లెక్క అడగడం కష్టం.

మొదటిది ఆ "చవక" అనే గొప్ప. 2014లో మంగళయాన్ 450 కోట్లలో అయిపోయిందనీ, 'గ్రావిటీ' సినిమాకి అంతకంటే ఎక్కువైందనీ ప్రధానమంత్రి దగ్గర్నించీ మా మరిది దాకా అందరూ చెప్పుకున్నారు. ఎందుకు చవకయ్యిందో ఎవరూ చెప్పుకోలేదు. పెద్ద రాకెట్టు లేక, ఉన్న చిన్న రాకెట్టుతోనే పంపి, భూమి చుట్టూ తిప్పి తిప్పి వేగం పుంజుకునేలా చేశారు. పరీక్షల కోసం నమూనాలు ఎక్కువ కట్టకుండా, ఉన్నదాంతోనే సరిపెట్టుకున్నారు. ఇంజనీర్ల జీతాలు అమెరికా జీతాల ముందు ఏ మూలకీ రావు. అంటే ఆ చవకదనం ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎవరో తక్కువ తీసుకుని ఎక్కువ చేశారు. తక్కువలో సంసారం ఈదడం అంటే ఏమిటో మనకి తెలియదా! "మా ఆవిడ రెండువేలలో నెలంతా గడిపేస్తుందోయ్" అని స్నేహితుల ముందు గొప్పలు చెప్పుకున్న మగవాళ్ళు, ఆ గడపడం ఎలా గడిచిందో ఎప్పుడైనా అడిగారా?

పైగా చవక అన్నది కొనడానికి కారణం కాదు. ఆడిత్తళ్ళుబడిలో చవగ్గా వచ్చిందని అక్కరలేని చీర కొంటే దాన్ని దుబారా అనే అంటారు మన మగవాళ్ళు. మరి రాకెట్టు విషయంలో అదే న్యాయం ఎందుకు చెల్లదు? కావలసిన వస్తువైతే ఖరీదైనా కొనాలి. అక్కరలేనిదైతే ఊరికే ఇచ్చినా వద్దు.

చీరంటే గుర్తొచ్చింది. మంగళయాన్ కుజుడి కక్ష్యలో చేరిన 2014 సెప్టెంబరు 24న ఒక ఫోటో దేశమంతా తిరిగింది. పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, ఒకరినొకరు కౌగిలించుకుంటున్న ఆడవాళ్ళు. శాస్త్రవేత్తలంటే ఇలా ఉండాలని పొంగిపోయాం. తర్వాత తెలిసింది, వాళ్ళు కార్యాలయ పరిపాలన ఉద్యోగినులని. నాకైతే ఆ ఫోటో విలువ వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. కాగితాలు నడిపినవారికీ ఆ విజయంలో వాటా ఉంది. శాస్త్రవేత్తలైన ఆడవాళ్ళూ ఉన్నారు: మంగళయాన్‌లో నందినీ హరినాథ్, రీతూ కరిధాల్, చంద్రయాన్-2కి ప్రాజెక్టు డైరెక్టరు ముత్తయ్య వనిత, చంద్రయాన్-3కి అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరు కల్పన. వీళ్ళ గురించి రాసినప్పుడల్లా ఇంటిపనీ పిల్లల పనీ ఎలా చూసుకుంటున్నారమ్మా అని అడగనివారు అరుదు. అదే ప్రాజెక్టులో పనిచేసిన మగవారిని, "మీ ఇంట్లో ఇడ్లీపిండి ఎవరు రుబ్బుతారండీ?" అని అడిగిన వ్యాసం నేనింతవరకూ చదవలేదు.

రెండోదీ, అసలైనదీ ముందు ముందు రాబోయే ఖర్చు. ఇంతవరకూ మనం పెట్టినది ఎక్కువగా ఉపగ్రహాల మీద. ఇకమీద మనుషుల్నే పంపుతామంటున్నారు. గగన్‌యాన్‌కి 2018లో అనుమతించినది 9,023 కోట్లు. 2024 సెప్టెంబరుకి అది 20,193 కోట్లయింది. పని పెరిగింది, ప్రయాణాల సంఖ్య పెరిగింది, మన సొంత అంతరిక్ష కేంద్రంలో మొదటి గది కూడా ఇందులోనే చేర్చాం కనక పెరిగిందన్నారు. సబబే కావచ్చు. 2035కి ఆ కేంద్రం పూర్తి కావాలనీ, 2040కి భారతీయుడు చంద్రుడి మీద అడుగు పెట్టాలనీ సంకల్పం చెప్పారు. ఒక గదితో మొదలుపెట్టిన ఇల్లు ఎక్కడికి దారి తీస్తుందో ఇల్లు కట్టించినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇది తప్పని నేననడం లేదు. అడిగితే మాత్రం తప్పంటున్నారు, అదీ నా అభ్యంతరం. "మనిషిని పంపడం వల్ల మనకేమిటి?" అని అడగండి. వెంటనే తుఫాను హెచ్చరికలు చెబుతారు, చేపల కబుర్లు చెబుతారు, టీవీ చెబుతారు. అయ్యా, అవన్నీ చేసినవి మనుషులు లేని ఉపగ్రహాలు. వాటికి ప్రాణవాయువు అక్కరలేదు, అన్నం అక్కరలేదు, క్షేమంగా దింపడానికి పడవలు అక్కరలేదు. తుఫాను ఉపగ్రహం చేసుకున్న పుణ్యాన్ని వ్యోమగామి ఖాతాలో జమవెయ్యకండి. పెద్దకొడుకు సంపాదన చూపించి చిన్నకొడుక్కి అప్పు అడిగితే ఏ బ్యాంకు ఇస్తుంది? చిన్నకొడుకు ఏం చెయ్యబోతున్నాడో చెప్పండి, వింటాం.

చంద్రయాన్ లాంటివాటి సంగతీ అంతే. "తెలుసుకోవాలని ఉంది, అందుకు పంపుతున్నాం" అని నిజం చెప్పండి, చాలు. 2008లో వెళ్ళిన చంద్రయాన్-1 చందమామ మీద నీటి జాడలు పట్టింది. ఆ నీళ్ళతో మనమెవరం బిందె నింపుకోం. అయినా అది తెలుసుకోవడం మంచిదే. నెలాఖరున కూరలు తగ్గించుకునైనా పిల్లలకి కథల పుస్తకం కొనే ఇళ్ళు మనవి. జ్ఞానానికి ఖర్చు పెట్టడం మనకి కొత్తకాదు. కానీ పుస్తకం కొని పప్పు కొన్నామని పద్దులో రాసుకోం.

పోటీ కోసం, జెండా కోసం చేసే ఖర్చు ఎలా ముగుస్తుందో అమెరికా చూపించింది. 1966 ప్రాంతంలో వాళ్ళ కేంద్ర ప్రభుత్వం ఖర్చులో వందకి నాలుగు డాలర్ల పైన వాళ్ళ అంతరిక్ష సంస్థకే పోయేది. మన 28 పైసలతో పోల్చి చూసుకోండి. 1969 జూలైలో అపోలో-11 ఎగరడానికి ముందురోజు, రెవరెండ్ అబర్నాథీ అనే నల్లజాతి నాయకుడు పేద కుటుంబాలనీ, కంచరగాడిదల బండినీ వెంటబెట్టుకుని ఆ రాకెట్టు దగ్గరికే వచ్చి, మా పిల్లల ఆకలి మాటేమిటని అడిగాడు. ఆ సంస్థ అధిపతి ఆయన్ని వెక్కిరించలేదు. ఎదురెళ్ళి నిలబడి మాట్లాడాడు. రేపు ఈ రాకెట్టు ఆపితే మీ కష్టం తీరుతుందంటే ఆపేస్తానన్నాడు, ఆ కుటుంబాల్లో కొందరికి ప్రయోగం చూడ్డానికి చోటిచ్చాడు. కడుపు నిండిందని కాదుగానీ, అడిగినవాళ్ళకి ముఖాముఖీ జవాబు దొరికింది. జెండా పాతడం అయ్యాక మూడేళ్ళలో, 1972తో, ఆ ప్రయాణాలే ఆగిపోయాయి. వెళ్ళవలసిన చివరి రాకెట్లు తోటల్లో ప్రదర్శనకి పడుకున్నాయి. వాళ్ళ వాతావరణ ఉపగ్రహాలు మాత్రం ఆగలేదు. కావలసినది నిలుస్తుంది, గొప్పకి చేసినది గొప్ప తీరగానే ఆగుతుంది.

ఇంకో చిత్రం వినండి. 2024 ఫిబ్రవరిలో గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురి పేర్లూ ప్రకటించారు. నలుగురూ మగవారే. వైమానిక దళంలో టెస్ట్ పైలట్లలోంచి ఎంచామన్నారు. సరే, ఆడవాళ్ళకి స్థానమే లేదా అంటే, ఉంది! మనుషులు లేకుండా ముందుగా వెళ్ళే నౌకలో కూచోబెట్టడానికి 'వ్యోమమిత్ర' అని ఒక మరబొమ్మని 2020లోనే చూపించారు. ఆడబొమ్మ. చక్కగా మాట్లాడుతుందట, చెప్పినపని చేస్తుందట. ప్రమాదం ఉందో లేదో ముందు ఆవిడ వెళ్ళి చూసి వస్తే, తర్వాత మగవారు బయల్దేరతారన్నమాట. వేడినీళ్ళు తోడి, చెయ్యి పెట్టి చూసి, "ఇక రండి స్నానానికి" అని పిలిచే అలవాటు మనది కదా. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

ఇన్ని మాటలన్నాక నువ్వేమంటావమ్మా అంటారా? రెండే మాటలంటాను.

ఒకటి, పద్దులు విడదియ్యండి. భూమ్మీద జనానికి పనికొచ్చే ఉపగ్రహాలకింత, జ్ఞానానికింత, దేశం గొప్పకింత అని వేరువేరుగా మాకు అర్థమయ్యే భాషలో చెప్పండి. పార్లమెంటు కాగితాల్లో లెక్కలున్నాయి, కాదనను. పద్దు పుస్తకం బీరువాలో ఉందంటే ఇల్లాలికి లెక్క చెప్పినట్టు కాదు. ఆ పద్దులో రూపాయల్లోకి రానివి కూడా రాయండి. శ్రీహరికోట దీవి రాకెట్లకి ఇవ్వకముందు అక్కడ యానాదులుండేవారు. దీవి ఖాళీ చేసినవారి పేరు ఏ ప్రయోగం రోజునా టీవీలో వినపడదు. అదీ ఖర్చే. ఏనాడైనా డబ్బుకి ఇబ్బంది వస్తే మొదటి పద్దులో కోత పడకూడదు. ముందు బియ్యం, తర్వాతే పట్టుచీర.

రెండు, పైన కన్ను ఉంటే చాలదు, కింద కాళ్ళుండాలి. 1999 అక్టోబరులో ఒరిస్సా మీద పెనుతుఫాను పడ్డప్పుడు మన ఉపగ్రహాలు పైనే ఉన్నాయి. చూస్తూనే ఉన్నాయి. అయినా పదివేలమంది దాకా పోయారు. కనిపించినదాన్ని గుడిసె దాకా చేర్చే ఏర్పాటు లేదు, చేరినా పరుగెత్తి తలదాచుకునే గట్టి కట్టడాలు చాలినన్ని లేవు. ఆ దెబ్బతో వాళ్ళు బుద్ధి తెచ్చుకుని తుఫాను ఆశ్రయాలు కట్టారు, ఊరూరా జనాన్ని తయారుచేశారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షలమంది ముందే కదిలారు, పోయినవారు పదుల్లోనే ఆగారు. ఆకాశంలో పెట్టిన రూపాయి నేలమీద ఇంకో రూపాయి పెడితేగాని చెల్లదు.

లెక్చరరుగారూ, మా మరిదీ ఇద్దరూ తప్పిపోయింది ఇక్కడే. ఒకరు పైరూపాయి తీసేస్తే కింద రూపాయి దానంతటదే వస్తుందనుకుంటున్నారు. ఇంకొకరు పైరూపాయి మెరుపు చూసి కింద రూపాయి మాటే మరిచిపోయారు. ఏడువందల కిలోమీటర్ల ఎత్తునుంచి సముద్రంలో చేపల జాడ కనిపెట్టగలిగిన మనకి, ఊరి మధ్య నూకాలమ్మ ఎండిన బిందె కనపడలేదంటే, లోపం రాకెట్టుది కాదు. బిందెని చూడవలసినవాళ్ళది.

మొన్న వీలు చూసుకుని నూకాలమ్మని కూచోబెట్టి ఈ లెక్క చెప్పాను. ఆనాడు ఇంటినిండా జనం ఉండి చెప్పని జవాబు నేనైనా చెప్పాలి కదా. వంద రూపాయలుంటే అందులో 28 పైసలే పైకి పోయాయనీ, ఆ 28 పైసల్లోంచే హుద్‌హుద్ నాటి కబురూ, కొడుక్కి వచ్చే చేపల కబురూ వచ్చాయనీ, అందుచేత తన కుళాయి డబ్బు చందమామ ఎత్తుకుపోలేదనీ వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. తలూపింది. "అయితే ఆ పంపిందానికి పర్నేదమ్మా. మా ఓడికి పని చేస్తంది" అంది.

హమ్మయ్య, ఒక్కరినైనా ఒప్పించానని కాఫీ కలపడానికి లేచాను.

"అమ్మా!" అంది వెనకనుంచి. "మరి ఆ మిగిలిన తొంభైతొమ్మిది రూపాయల డెబ్బయిరెండు పైసలు ఏ ఈదిలో ఉన్నాయమ్మా?"

ఈసారి గదిలో నవ్వడానికి ఎవరూ లేరు. మా మరిదికీ, లెక్చరరుగారికీ ఈ ప్రశ్న అందజేశాను. ఇద్దరూ ఆలోచించి చెబుతామన్నారు. ఈలోగా మేమిద్దరం కలిసి కుళాయి కోసం ఒక అర్జీ రాశాం. కింద నూకాలమ్మ వేలిముద్ర వేసింది. పక్కన నేను సంతకం చేశాను.